గెంతులో గణితం: బ్రౌజర్‌లో ఆడే ఉచిత ప్లాట్‌ఫాం ఆటలు

ఆట స్వరూపం

ప్లాట్‌ఫాం ఆటలో చేయాల్సినవి ప్రధానంగా రెండే పనులు: పరుగెత్తడం, గెంతడం. తెర మీద ఎడమ నుంచి కుడికి ఎత్తుపల్లాలుగా అరుగులు ఉంటాయి. వాటి మధ్య గుంతలు, ముళ్లు, కదిలే దూలాలు, ఎదురొచ్చే శత్రువులు. వీటన్నిటినీ దాటి చివరనున్న తలుపునో జెండానో చేరితే ఒక దశ పూర్తవుతుంది. ఇలాంటివి వేలకొద్దీ ఆటలు బ్రౌజర్‌లోనే, పైసా కట్టకుండా, ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోకుండా ఆడుకోవడానికి దొరుకుతాయి. కొన్ని ముద్దొస్తాయి. కొన్ని పది నిమిషాలు తిరక్కుండానే కీబోర్డు విసిరికొట్టాలన్నంత విసిగిస్తాయి. రెండు రకాల్లోనూ దాటాల్సిన గుంత వెడల్పు ఒకటే కావచ్చు. తేడా ఉండేది సమయంలో. కీ నొక్కడానికి ఆట ఎంత వ్యవధి ఇస్తుంది, గెంతు తప్పితే ఎంత సమయం గుంజుకుంటుంది అనే రెండు లెక్కల మీదే ఆట స్వభావం చాలావరకు ఆధారపడుతుంది.

ఈ గెంతుకు స్పష్టమైన రూపమిచ్చిన తొలి ఆటల్లో డాంకీ కాంగ్ ముఖ్యమైనది. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ కోసం షిగేరు మియమొటో దీన్ని 1981లో రూపొందించారు. ఇనుప దూలాలు ఎక్కుతూ, పైనుంచి దొర్లివచ్చే పీపాల మీదుగా గెంతుతూ పోవాలి. అందులో జంప్‌మ్యాన్ అనిపించుకున్న పాత్రే తర్వాత మేరియో అయింది. 1985లో వచ్చిన సూపర్ మేరియో బ్రదర్స్‌లో పాత్రతోపాటు దృశ్యం కూడా పక్కకు జరుగుతూ పోతుంది. ఇప్పటి ప్లాట్‌ఫాం ఆటల్లో చాలా వాటికి మూసపోసింది ఆ ఆటే.

మాటల్లేని పాఠం

సూపర్ మేరియో మొదటి దశలో సూచనలు చెప్పే వాక్యం ఒక్కటీ ఉండదు. పాత్ర తెర ఎడమ పక్కన, కుడివైపు తిరిగి నిలబడి ఉంటుంది. ముందంతా ఖాళీ. కాబట్టి అటే వెళ్లాలని ఎవరికైనా తోస్తుంది. కాసేపటికి చిన్న శత్రువు ఒకటి నడిచివస్తుంది. తగిలితే ప్రాణం పోతుంది, గెంతితే దాటిపోవచ్చు, దాని నెత్తిన పడితే అదే చచ్చిపోతుంది. మూడు నియమాలూ ఆడుతుండగానే తెలిసిపోతాయి. బ్రౌజర్‌లో ఆడే మంచి ప్లాట్‌ఫాం ఆటలు ఈ పద్ధతినే పాటిస్తాయి. కొత్త ప్రమాదాన్ని ముందు పడిపోయే భయం లేని చోట చూపి, తర్వాత గుంత పక్కన పెడతాయి.

చదవాల్సింది లేకపోవడం వల్ల ఈ ఆటలకు భాష అడ్డురాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో దీని విలువ బాగా తెలుస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి, అంటే ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ల నుంచి, జంక్షన్‌లోనూ వర్క్‌షాపులోనూ పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. బెంగాలీ, హిందీ, ఒడియా మాట్లాడే ఇళ్ల మధ్య తెలుగు ఇళ్లున్న ఈ ఊరిని మినీ ఇండియా అనడం పరిపాటి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది ప్రధానంగా ఈ ఊరి తెలుగువారిని దృష్టిలో పెట్టుకునే. ఇలాంటి చోట ఒకే కంప్యూటర్ ముందు చేరిన నలుగురు పిల్లల ఇళ్లలో నాలుగు భాషలుండవచ్చు. ఆట నియమాలు మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఫ్లాష్ నుంచి డైనోసార్ దాకా

మొదట్లో బ్రౌజర్ అంటే అక్షరాలూ బొమ్మలూ చూపే పరికరం. కదిలే ఆటను నడిపే సత్తా దానికి లేదు. ఆ లోటు తీర్చింది ఫ్లాష్ అనే అనుబంధ సాఫ్ట్‌వేర్. 1996లో వేరే పేరుతో పుట్టి, మాక్రోమీడియా చేతికీ, 2005లో అడోబీ చేతికీ వెళ్లింది. ఒక్కరో ఇద్దరో కలిసి ఇంట్లో కూర్చుని ఆట తయారుచేసి, న్యూగ్రౌండ్స్, కాంగ్రిగేట్ వంటి చోట్ల పెడితే ప్రపంచమంతా ఆడేది. మన ఊళ్లలో గంటకింత చొప్పున డబ్బు తీసుకునే నెట్ సెంటర్లలో ఈ ఆటలు వెలిగాయి.

ఆ కాలపు ఆటల్లోనే రెండు ధోరణులూ కనిపిస్తాయి. బ్రాడ్ బోర్న్ 2006లో విడుదల చేసిన ఫ్యాన్సీ ప్యాంట్స్ అడ్వెంచర్‌లో గీతలతో గీసిన బొమ్మ వాలు మీద జారుతూ, గుండ్రంగా చుట్టుకున్న కొండల్లో పరుగెడుతుంది. పడినా పెద్దగా పోయేదేమీ లేదు, కదలికే సరదా. 2009లో వచ్చిన ఫైర్‌బాయ్ అండ్ వాటర్‌గర్ల్‌ను ఇద్దరు ఒకే కీబోర్డు మీద ఆడాలి. నిప్పుపిల్లాడు నీళ్లలో పడకూడదు, నీటిపిల్ల నిప్పుల్లో పడకూడదు. ఇద్దరూ గుమ్మం చేరితేనే గెలుపు. మరో కొసన 2004లో వచ్చిన ఎన్ అనే ఆట ఉంది. అందులోని నల్లటి నింజాకు ఎత్తు నుంచి పడినా, క్షిపణి తాకినా చావే. 2008లో న్యూగ్రౌండ్స్‌లో వచ్చిన మీట్ బాయ్‌లో గిరగిరా తిరిగే రంపాల మధ్య నుంచి వెళ్లాలి. రెండేళ్ల తర్వాత అదే సూపర్ మీట్ బాయ్‌గా విస్తరించి, కష్టమైన ఆటలకు మారుపేరైంది.

ఫ్లాష్‌కు భద్రతా లోపాలు ఎక్కువ, ఐఫోన్‌లో చోటే దొరకలేదు. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మద్దతు ఆపేసింది. అప్పటికే బ్రౌజర్‌లు సొంతంగా బొమ్మలు గీయగల కాన్వాస్ అనే సదుపాయాన్ని సంతరించుకున్నాయి. జావాస్క్రిప్ట్‌ను వేగంగా నడిపే యంత్రాంగాలు వచ్చాయి. 2008 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ వి8 అనే యంత్రాంగంతో వచ్చి బ్రౌజర్‌ల మధ్య వేగపు పోటీని వేడెక్కించింది.

ఆ క్రోమ్‌లోనే ప్రపంచంలో అతి ఎక్కువగా ఆడే ఉచిత బ్రౌజర్ ఆటల్లో ఒకటి దాగి ఉంది. నెట్ పోయినప్పుడు కనిపించే చిన్న డైనోసార్ 2014లో చేరింది. స్పేస్‌బార్ నొక్కితే అది ఎడారిలో పరుగందుకుంటుంది, కాక్టస్ మొక్కల మీదుగా గెంతుతుంది. ఆపకుండా తనంతట తాను పరుగెత్తే ఈ రకాన్ని ప్లాట్‌ఫాం ఆటల నుంచి చీలిన శాఖగా లెక్కిస్తారు. నెలకు 27 కోట్ల ఆటలు ఆడుతున్నారని గూగుల్ 2018లో ప్రకటించింది. డేటా ఖరీదుగానో నిలకడ లేకుండానో ఉండే ఇండియా, బ్రెజిల్, మెక్సికో, ఇండోనేషియా వంటి దేశాల నుంచే ఆడేవారు ఎక్కువని కూడా చెప్పింది. స్టేషన్ దాటగానే సిగ్నల్ పడిపోయే రైలు ప్రయాణాలున్న దేశంలో ఇది ఊహించదగ్గ సంగతే. బడి పిల్లలు పాఠం వదిలి దీనికి అతుక్కుపోతుంటే, సంస్థల కంప్యూటర్లలో ఆటను ఆపేసే వీలు కూడా గూగుల్ కల్పించాల్సి వచ్చింది.

గెంతు వెనక భౌతికశాస్త్రం

ఆటలో గురుత్వాకర్షణ ఎంత ఉండాలో నిర్ణయించేది రూపకర్తే. సాధారణంగా ముందు రెండు సంగతులు అనుకుంటారు: గెంతు ఎంత ఎత్తు వెళ్లాలి, శిఖరం చేరడానికి ఎంతసేపు పట్టాలి. ఎత్తును రెట్టింపు చేసి సమయంతో భాగిస్తే నేల విడిచే వేగం వస్తుంది. ఆ వేగాన్ని మళ్లీ సమయంతో భాగిస్తే గురుత్వ త్వరణం వస్తుంది. తెరను సమానమైన గడులుగా విభజించి చూద్దాం. ఎత్తు 4 గడులు, సమయం 0.4 సెకను అనుకుంటే, పైకెగిరే వేగం సెకనుకు 20 గడులు. గురుత్వం వల్ల ఆ వేగం ప్రతి సెకనుకు 50 గడుల చొప్పున తగ్గాలి.

పాత్ర రెండు గడుల పొడవుండి, 1.6 మీటర్ల మనిషిని సూచిస్తోందనుకుంటే ఒక గడి 0.8 మీటరు. అప్పుడు ఆట లోకంలోని గురుత్వం భూమి గురుత్వానికి నాలుగింతలు. గెంతు ఎత్తు 3.2 మీటర్లు, అంటే ఒలింపిక్ హైజంపర్లను కూడా మించినది. అదే ఎత్తుకు భూమి గురుత్వంతో ఎగిరితే పైకి వెళ్లడానికే 0.8 సెకను, తిరిగి నేలకు రావడానికి మరో 0.8 సెకను పడుతుంది. తెర మీద అది గాలిలో తేలుతున్నట్టు నీరసంగా ఉంటుంది. అందుకే మానవాతీతమైన బలానికి అసాధారణమైన గురుత్వాన్ని జోడిస్తారు. చాలా ఆటల్లో కిందికి పడేటప్పుడు గురుత్వాన్ని ఇంకా పెంచుతారు. కీని తొందరగా వదిలేస్తే పైకెళ్లే వేగాన్ని కత్తిరిస్తారు, దాంతో చిన్న గెంతు, పెద్ద గెంతు రెండూ ఒకే కీతో సాధ్యమవుతాయి. గాలిలో ఉండగా దిశ మార్చుకోవడం భౌతికశాస్త్రానికి పూర్తిగా విరుద్ధం. అయినా అది లేని ఆట మొండిగా అనిపిస్తుంది.

ఇప్పుడు కష్టాన్ని అంకెల్లో చెప్పవచ్చు. పై పాత్ర సెకనుకు 6 గడుల వేగంతో పరుగెడుతోంది. గాలిలో 0.8 సెకను ఉంటుంది కాబట్టి 4.8 గడుల దూరం గెంతగలదు. గుంత 4 గడులైతే అంచుకు ముందున్న 0.8 గడి మేరలో ఎక్కడ నొక్కినా దాటుతుంది. ఆ మేర నడవడానికి పట్టే సమయం సుమారు 133 మిల్లీసెకన్లు. తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు మారుతుంది గనుక ఇది 8 ఫ్రేములు. గుంతను 4.5 గడులకు పెంచితే మిగిలేది 3 ఫ్రేములు. 4.75 గడులకు పెంచితే సగం ఫ్రేము, అంటే సాధించడం అదృష్టం మీదికి పోతుంది. గుంత ఒక గడిలో ముప్పాతిక వంతు పెరిగేసరికి పిల్లలాట అసాధ్యానికి చేరింది.

కన్ను, చెయ్యి, కంప్యూటర్

తెర మీద మార్పు కనిపించాక వేలు కదలడానికి మనిషికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. మూడు ఫ్రేముల వ్యవధి 50 మిల్లీసెకన్లే. కాబట్టి గుంత అంచు చూసి అప్పటికప్పుడు స్పందించి గెంతడం కుదరదు. ఎప్పుడు అంచు వస్తుందో మెదడు ముందే లెక్కగట్టి, వేలికి ముందే ఆదేశం పంపాలి. ప్లాట్‌ఫాం ఆటల్లో నైపుణ్యమంటే చాలావరకు ఈ ముందస్తు అంచనాయే.

డైనోసార్ ఆట ఈ సంగతిని చక్కగా వాడుకుంటుంది. కంప్యూటర్‌లో ఆడే రూపంలో పరుగు వేగం ఫ్రేముకు 6 పిక్సెళ్లతో మొదలవుతుంది, ఒక్కో ఫ్రేముకు 0.001 చొప్పున పెరిగి 13 దగ్గర ఆగుతుంది. అక్కడికి చేరడానికి 7000 ఫ్రేములు, అంటే రెండు నిమిషాలకు కాస్త తక్కువ సమయం పడుతుంది. తెర కుడి అంచున కనిపించిన కాక్టస్ డైనోసార్‌ను చేరడానికి దాదాపు 500 పిక్సెళ్లు జరగాలి. మొదట్లో దానికి 1.4 సెకన్లు, చివరి వేగంలో 0.64 సెకను. అందులో స్పందన కాలం తీసేస్తే నిర్ణయానికి మిగిలేది అర సెకను కన్నా తక్కువ. వేగం 8.5 దాటాక వేర్వేరు ఎత్తుల్లో ఎగిరే పక్షులు కూడా మొదలవుతాయి. గెంతాలా, వంగాలా అని ఎంచుకోవడం సాదా స్పందన కన్నా ఆలస్యమవుతుంది. నియమాలేవీ మారకుండానే ఆట కష్టమైపోతుంది.

మనిషి ఆలస్యానికి యంత్రం ఆలస్యం తోడవుతుంది. కీ నొక్కిన సంకేతం బ్రౌజర్‌కు చేరాలి, బ్రౌజర్ తర్వాతి ఫ్రేము వరకు ఆగాలి, తెర దాన్ని చూపాలి. పాత కంప్యూటర్‌లో ఇవన్నీ కలిసి అనేక ఫ్రేములు అవుతాయి. ఫోను తెర మీద బొటనవేలు ఎక్కడుందో స్పర్శకు తెలియదు, పైగా వేలే దృశ్యాన్ని కప్పేస్తుంది. కొన్ని ఆటల్లో ప్రోగ్రాం లోపం వల్ల వేగం ఫ్రేముల సంఖ్యకు ముడిపడి ఉంటుంది. అలాంటివి సెకనుకు 120 ఫ్రేములు చూపే తెర మీద రెట్టింపు వేగంతో నడుస్తాయి. ఆట దుర్భరంగా ఉందనుకున్నప్పుడు తప్పు కొన్నిసార్లు దశ రూపకల్పనది కాదు, ప్రోగ్రాందో ఆడే పరికరానిదో.

మన్నించే ఏర్పాట్లు

ముద్దొచ్చే ఆటలు ఆడేవారికి తెలియకుండా కొన్ని తప్పులను మన్నిస్తాయి. అంచు దాటి గాలిలోకి అడుగు పడ్డాక కూడా పదో వంతు సెకను పాటు గెంతును అనుమతించడం వాటిలో మొదటిది. అమెరికన్ కార్టూన్లలో కొండ అంచు దాటి, కిందికి చూసేదాకా పడని కొయోటీ పేరు మీద దీన్ని కొయోటీ టైమ్ అంటారు. పై లెక్కలో 4.5 గడుల గుంతకు 3 ఫ్రేముల వ్యవధి ఉంది. పదో వంతు సెకను మన్నింపు కలిపితే అది 9 ఫ్రేములవుతుంది. గుంత మారలేదు, కష్టం మూడో వంతుకు దిగింది.

రెండోది, నేలను తాకడానికి కాస్త ముందే కీ నొక్కినా ఆ కోరికను గుర్తుంచుకుని, పాదం ఆనగానే గెంతించడం. మూడోది, ప్రమాదాల కొలతను బొమ్మ కన్నా చిన్నదిగా ఉంచడం. డైనోసార్ ఆటలో ఢీ జరిగిందా లేదా అని చూడటానికి పాత్ర చుట్టూ ఒకే పెద్ద పెట్టె గీసి ఊరుకోరు, ఒంటి ఆకారానికి తగినట్టు చిన్న చిన్న పెట్టెలుగా విడగొట్టి చూస్తారు. కాక్టస్‌కు ఆనీ ఆననట్టు దాటిపోయిన గెంతు బతికిపోతుంది.

కష్టమైన ఆటలకు ఇవి అవసరం లేదనుకుంటే పొరపాటు. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ నాలుగు రోజుల్లో తయారుచేసిన సెలెస్ట్ అనే ఆట తొలి రూపాన్ని ఇప్పటికీ బ్రౌజర్‌లో ఉచితంగా ఆడవచ్చు. 2018లో అది పెద్ద ఆటగా వచ్చింది. చాలా కష్టమైన ఆటగా పేరుపడ్డ ఆ పెద్ద రూపంలో ఇలాంటి మన్నింపులు అనేకం ఉన్నాయని థోర్సన్ స్వయంగా వివరించారు. ఆడేవారు చేయదలచినదాన్ని గుర్తించి సాయపడుతుంది కాబట్టే దాని కష్టం న్యాయంగా అనిపిస్తుంది.

పడితే ఎక్కడికి?

ఒక దశలో వరుసగా 20 గెంతులున్నాయనుకుందాం. ఒక్కో గెంతు తప్పకుండా వేసే సంభావ్యత 70 శాతం. ఎక్కడ పడినా మొదటికే రావాలంటే, 20 వరుసగా పూర్తయ్యేలోపు సగటున 4174 గెంతులు వేయాల్సి వస్తుంది. గెంతుకు ఒకటిన్నర సెకను చొప్పున గంటా నలభై నాలుగు నిమిషాలు. అవే గెంతుల మధ్య ప్రతి ఐదింటికీ ఒక చెక్‌పాయింట్, అంటే పడినవారు తిరిగి మొదలుపెట్టే చోటు, పెడితే సగటు 66 గెంతులకు, అంటే నిమిషం నలభై సెకన్లకు దిగుతుంది. అరవై రెట్లకు మించిన ఈ తేడాకు కారణం పడ్డవారిని ఎక్కడికి పంపాలన్న ఒక్క నిర్ణయమే.

నైపుణ్యం పెరిగేకొద్దీ ఈ అంతరం కుంచించుకుపోతుంది. గెంతుకు 90 శాతం సాధించేవారికి చెక్‌పాయింట్లు లేకపోతే 72 గెంతులు, ఉంటే 28 చాలు. అంటే చెక్‌పాయింట్ లేని ఆట నేర్పరిని కొంచెం ఆలస్యం చేస్తుంది, కొత్తవారిని బయటికే పంపేస్తుంది. తొక్కుడుబిళ్ళలో గీత తొక్కినవారు మళ్లీ వంతు వచ్చినప్పుడు ఆగిన గడి నుంచే మొదలుపెట్టడం వెనక ఉన్నదీ ఇదే తర్కం. మీట్ బాయ్ తరహా ఆటలు మరో దారి పట్టాయి. దశను అర నిమిషంలో ముగిసేంత చిన్నది చేసి, చచ్చిన మరుక్షణమే మళ్లీ మొదలుపెడతాయి. చావులు వందల్లో ఉన్నా ఒక్కో చావు ఖరీదు కొన్ని సెకన్లే.

మెదడు ఎందుకు వదలదు

మనస్తత్వవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ 1975లో ప్రచురించిన పరిశోధనలో లీనమయ్యే స్థితిని వర్ణించారు. పని కష్టం సామర్థ్యానికి మించితే ఆందోళన, తక్కువైతే విసుగు, రెండూ సరితూగిన సన్నటి దారిలో కాలం తెలియని ఏకాగ్రత. ప్లాట్‌ఫాం ఆటకు ఈ దారిలో ఉంచే సాధనాలన్నీ ఉన్నాయి: లక్ష్యం కళ్ల ముందుంటుంది, ఫలితం క్షణంలో తెలుస్తుంది, కష్టం మెట్టుమెట్టుగా పెరుగుతుంది. పడిన ప్రతిసారీ రవ్వంత ముందుగా నొక్కి ఉంటే దాటేసేవాళ్లం అని స్పష్టంగా తెలియడం మరో ప్రయత్నానికి పురికొల్పుతుంది.

రాత్రి ఎంతకీ దాటలేకపోయిన చోటు మర్నాడు సులువుగా దాటడం ఆడేవారికి అనుభవమే. వేళ్లతో ఒక క్రమంలో కీలు నొక్కడం నేర్చుకున్నవారి వేగం, మరింత సాధన లేకుండానే, రాత్రి నిద్ర తర్వాత సుమారు 20 శాతం పెరిగిందని మాథ్యూ వాకర్ బృందం 2002లో చూపింది. మెలకువగా గడిపిన అంతే సమయంలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. కాబట్టి కొరకరాని దశ ముందు ఇంకో గంట కూర్చోవడం కన్నా పడుకోవడం మంచి వ్యూహం.

కష్టం, మోసం

2007లో జపాన్ నుంచి వచ్చిన స్యోబోన్ యాక్షన్ మేరియోను వెక్కిరిస్తూ చేసిన ఆట. గట్టిగా కనిపించే నేల కూలిపోతుంది, గెంతే దారిలో కనిపించని ఇటుక తగిలి గుంతలో పడేస్తుంది, గెలుపు జెండా దగ్గర కూడా చావు పొంచి ఉంటుంది. ఇక్కడ స్పందన వేగం గానీ అంచనా గానీ పనికిరావు. ఒకసారి చచ్చి గుర్తుపెట్టుకోవడమే మార్గం. పక్కన కూర్చుని చూసేవారికి ఇది పగలబడి నవ్వించే ఆట. ఆడేవారికి మాత్రం కంఠస్థం చేయాల్సిన పాఠం.

వేలి నేర్పుతో పనిలేని కష్టం ఇంకొకటి ఉంది. ఎరిక్ డిమైన్ తదితర కంప్యూటర్ శాస్త్రవేత్తలు 2012లో మేరియో దశలను గణిత సమస్యలుగా చూశారు. దశ ఎంత పెద్దదైనా కావచ్చనుకుంటే, దాన్ని పూర్తిచేసే దారి ఉందో లేదో తేల్చడం ఎన్‌పీ హార్డ్ అని నిరూపించారు. అంటే దశ పెరిగేకొద్దీ ప్రతిసారీ వేగంగా జవాబిచ్చే పద్ధతి ఏదీ ఇప్పటివరకు తెలియని సమస్యల జాబితాలో మేరియో కూడా చేరింది. ప్రతి గెంతూ తప్పకుండా వేయగల యంత్రానికి కూడా ఎటు వెళ్లాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఉచితం అంటే

ఉచిత ఆటకు డబ్బు వచ్చే దారుల్లో ముఖ్యమైనది ప్రకటన. దశల మధ్యనో చచ్చినప్పుడో వచ్చే వీడియో చెక్‌పాయింట్ చేసిన మేలును చెరిపేస్తుంది. రెండు సెకన్ల చావుకు ముప్పై సెకన్ల ప్రకటన జోడైతే చెక్‌పాయింట్ల లెక్కంతా తలకిందులే. రెండో ఖర్చు డేటా. రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ రోజుకు అరగంట ఉచితంగా ఇచ్చే వైఫై వేగం సెకనుకు 1 మెగాబిట్. దాని మీద 20 మెగాబైట్ల ఆట దిగడానికి సుమారు రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది. సెలెస్ట్ తొలి రూపం తయారైన పికో 8 వ్యవస్థలో తెర 128 పిక్సెళ్ల చదరం, రంగులు 16, ఆట మొత్తం పరిమాణం 32 కిలోబైట్లకు మించకూడదు. అంత చిన్న ఆట క్షణంలో దిగిపోతుంది. డైనోసార్‌కైతే ఆ క్షణం కూడా అక్కర్లేదు, అది బ్రౌజర్‌లోనే ఉంటుంది.

ఫ్లాష్ పోవడంతో మూలపడ్డ పాత ఆటలు కూడా పూర్తిగా పోలేదు. రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్లాష్‌ను అనుకరిస్తూ వాటిలో అనేకాన్ని బ్రౌజర్‌లోనే నడిపిస్తోంది. ఫ్లాష్‌పాయింట్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు లక్షకు పైగా ఆటలనూ యానిమేషన్లనూ భద్రపరిచింది. ఇంత రాశిలో మంచి ఆటను గుర్తుపట్టడానికి మూడు ప్రశ్నలు చాలు. పడినప్పుడు ఎందుకు పడ్డామో తెలుస్తోందా? తిరిగి ప్రయత్నించడానికి ఎన్ని సెకన్లు పడుతోంది? పదోసారికి మొదటిసారి కన్నా ముందుకు వెళ్లగలుగుతున్నామా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే ఎన్ని వందల చావులున్నా ఆట బాగుంటుంది. మొదటిదానికే జవాబు లేకపోతే, అక్కడితో దాన్ని మూసేసి ఇంకో ఆట తెరవడం మంచిది.